ఫిజిక్స్ ఫస్టియర్‌తో అయిపోలేదు

మన సీఎస్ఈలో చాలామందికి ఇంజినీరింగ్ ఫిజిక్స్ అంటే ఫస్టియర్‌లో బట్టీపట్టి, రాసేసి, మర్చిపోయే సబ్జెక్టు. "ట్రాన్సిస్టర్ గొడవ ఈసీఈ వాళ్లది, మనది కోడ్" అనేస్తాం. ఈ మాట ఇక చెల్లదని నా అభిప్రాయం.

మామూలు ట్రాన్సిస్టర్ ఆఫ్ అయ్యేటప్పుడు కరెంటు పది రెట్లు తగ్గాలంటే, గది ఉష్ణోగ్రత దగ్గర గేటు వోల్టేజీని కనీసం 60 మిల్లీవోల్టులు మార్చాలి. ఇది డిజైన్ లోపం కాదు, ప్రకృతి పెట్టిన హద్దు. అందుకే వోల్టేజీని ఇష్టమొచ్చినంత తగ్గించలేం, చిప్ వేడీ తగ్గదు. మన ప్రోగ్రాములు నడిచేది ఆ వేడి మీదే.

మరి కరెంటుకు గేటు అడ్డం పెట్టకుండా, పదార్థాన్నే మార్చేస్తే? ఆ కిటుకు సగం మన వంటింట్లోనే ఉంది. గ్యాస్ లైటర్ నొక్కితే లోపలి పీజో ముక్క మీద దెబ్బపడి వోల్టేజీ పుడుతుంది, నిప్పురవ్వ వస్తుంది. దీన్ని తిరగేస్తే, వోల్టేజీ ఇచ్చినప్పుడు ఆ ముక్క కాస్త సాగాలి లేదా కుంచించుకోవాలి. 1881లో లిప్‌మన్ ఈ సంగతి లెక్కలతో చెప్పాడు, క్యూరీ సోదరులు ప్రయోగంతో చూపించారు.

అలాంటి పీజో పలక మీద మాంగనీస్ ఆక్సైడ్ జాతి పదార్థాన్ని పలచని పొరగా పెంచుతారు. పలకకు విద్యుత్ క్షేత్రం ఇస్తే అది సాగుతుంది, అంటుకున్న పొరా దాంతోపాటే సాగుతుంది. పొరలోని పరమాణువుల మధ్య దూరాలు, కోణాలు మారి, ఎలక్ట్రాన్ ఒకచోటి నుంచి పక్కకు దూకడం తేలికో కష్టమో అవుతుంది. అంటే నిరోధం మారిందన్నమాట. సాగేది వెయ్యో వంతే అయినా, లోహంలా ఉండాలా వద్దా అని పొర ఊగిసలాడే ఉష్ణోగ్రత దగ్గర తేడా బాగా కనిపిస్తుంది. పలకలో కరెంటు దాదాపు పారదు. కొన్నిట్లో వోల్టేజీ తీసేసినా ఆ సాగుదల నిలిచిపోతుంది. అదే మెమరీ!

ఇదేదో ల్యాబ్ వింత అనుకోకండి. 2003లోనే ఇంటెల్ తన 90 నానోమీటర్ల చిప్పుల్లో సిలికాన్‌కు కావాలని స్ట్రెయిన్ ఇచ్చి వేగం పెంచింది. కాకపోతే అది ఫ్యాక్టరీలో ఒకేసారి పెట్టేది. మన భాషలో చెప్పాలంటే అది కాన్‌స్టంట్, ఇది వేరియబుల్.

చిక్కులు లేవని కాదు. అర మిల్లీమీటరు మందం పలకకు వందల వోల్టులు కావాలి. పలకను పలచగా చేస్తే వోల్టేజీ తగ్గుతుంది కానీ, కింద ఉన్న మందపాటి సిలికాన్ దాన్ని కదలనివ్వదు. పదేపదే సాగితే పగుళ్లొస్తాయి. బాగా పనిచేసే పీజో పదార్థాల్లో చాలావాటిలో సీసం ఉంటుంది. కాబట్టి రేపే మన ఫోన్లోకి రాదు.

అయినా మనకెందుకంటే, నిరోధానికి 0, 1 మాత్రమే కాదు, మధ్యలో ఎన్నో విలువలుంటాయి. న్యూరల్ నెట్‌వర్క్ వెయిట్లను నిరోధాలుగా దాచుకుంటే ఓం నియమమే గుణకారం చేసిపెడుతుంది. ఆ మెషీన్‌కు అల్గారిథం రాయాలంటే పొర ఎలా సాగుతుందో, ఎప్పుడు అలిసిపోతుందో తెలియాలి. కోడ్ ఒక్కటే తెలిసినవాళ్లు అది రాయలేరు.

అందుకే ఎలెక్టివ్‌ల లిస్టులో మెటీరియల్స్ కోర్సు కనిపిస్తే, "స్కోరింగేనా?" అని సీనియర్లను అడిగేముందు ఒక్కసారి సిలబస్ తెరిచి చూడండి.