ఒకే బైబిలు, రెండు సైన్యాలు



చీలిన ఇల్లు నిలువదని ప్రభువు చెప్పిన మాటను 1858లో అబ్రహాం లింకన్ తన దేశానికి గుర్తుచేశాడు. అప్పటికి అమెరికాలోని దక్షిణ రాష్ట్రాల్లో దాదాపు 40 లక్షల మంది నల్లజాతివారు బానిసలు. వారిని పశువులవలె అమ్మేవారు. తల్లి ఒక చోటికి, బిడ్డ ఒక చోటికి.

దేశంకంటే ముందు చీలింది సంఘమే. ఈ విషయమై మెథడిస్టులు 1844లో, బాప్తిస్టులు 1845లో విడిపోయారు. మన నెల్లూరులో 1840లో పని ప్రారంభించిన మిషను ఆ బాప్తిస్టులదే. దాసులు యజమానులకు లోబడాలన్న మాటలను దక్షిణాది బోధకులు పట్టుకున్నారు. బానిసత్వాన్ని ఎదిరించినవారు నిర్గమకాండము తెరిచారు.

1860లో లింకన్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాక దక్షిణ రాష్ట్రాలు వేరుపడసాగాయి, చివరికి 11. 1861 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైంది. నాలుగేళ్లలో 6 లక్షలకు పైగా సైనికులు మరణించారు. గాయాలకంటే రోగాలకే ఎక్కువమంది. 1863 జనవరి 1న తిరుగుబాటు ప్రాంతాల బానిసలకు లింకన్ విడుదల ప్రకటించాడు. 1865 డిసెంబరులో రాజ్యాంగ సవరణతో బానిసత్వం దేశమంతటా రద్దయింది. ఆ దినం ఆయన చూడలేదు. ఏప్రిల్‌లోనే హంతకుని తూటాకు బలయ్యాడు.

ఇరుపక్షాలూ ఒకే బైబిలు చదివి, ఒకే దేవునికి ప్రార్థిస్తున్నాయని ఆ మార్చిలోనే ఆయన విచారంతో అన్నాడు. మనమూ ఆ గ్రంథమే చదువుతున్నాం. మన లాభానికి అడ్డురాని వాక్యాలనే వెదకుతున్నామా? మన పొలంలో, మన ఇంట్లో కూలికి వచ్చేవారిని అడిగితే ఏం చెబుతారు? ప్రార్థనకు మోకరించేముందు ఆలోచిద్దాం.