మూలచిత్రమును ముట్టరాదు

ఈ సంచికయందు ముద్రితములైన పాత తరగతి చిత్రములను చూచి కొందరు తలిదండ్రులు సంతోషింతురనియు, మరికొందరు "ముఖములు కనబడుచున్నవి గాని, క్రింది పేళ్ళేల చదువ వీలుగాకున్నవి?" అని యడుగుదురనియు మే మెరుగుదుము. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట మా విధి. దోషము కాలముది కాదు, మాది.

గత సంవత్సరము సుమారు మూడు వందల పాత ఛాయాపటములను, కొన్ని పాఠశాలవి, కొన్ని పూర్వవిద్యార్థుల యిండ్లనుండి యెరువు తెచ్చినవి, స్కానరుపై నుంచి టిఫ్ అను రూపమున కంప్యూటరులో చేర్చితిమి. ఆరంగుళముల వెడల్పును ఎనిమిదంగుళముల పొడవును గల పటమును అంగుళమునకు 600 చుక్కల వంతున గ్రహించినచో 1,72,80,000 చుక్కలగును. చుక్కకు మూడు బైట్ల చొప్పున ఒక్క పటమునకే 5 కోట్ల 18 లక్షల బైట్లు. అట్టివి మూడు వందలు! పత్రికకు పంపుటకు ఇంత పెద్దవి పనికిరావని, వానిని చిన్నవిగా జేసి జేపెగ్ రూపమునకు మార్చుటకై ఇమేజ్‌మ్యాజిక్ అను సాధనమును మేము చేపట్టితిమి.

ఈ సాధనమున నొక్కుటకు బొత్తములు లేవు. ఆజ్ఞను అక్షరములతో వ్రాసి యీయవలెను. అందు మోగ్రిఫై అను ఆజ్ఞ యొకటి కలదు. వెడల్పు 800 చుక్కలకు తగ్గింపుమని దానికి చెప్పితిమి. అది చెప్పినట్లే చేసినది. వేరుగా నకళ్ళు తీయక, మూలచిత్రములపైననే క్రొత్త చిత్రములను వ్రాసినది. అది దాని స్వభావము. మేము ముందుగా చదివి తెలిసికొనలేదు. పొడవును వెడల్పును కలిపి చూడగా ఇరువది చుక్కలలో ఒక్కటి మిగిలెను. "నిశ్చయమేనా?" యని అది మమ్మడుగలేదు. అప్పటికే ఎరువు పటములను ఇచ్చినవారికి మరల నిచ్చివేసితిమి. వారిలో కొందరి యిండ్లలో ఆ పటములిప్పుడు లేవు.

ఈ సంగతి విని కొందరు మిత్రులు, "ఇట్టి ప్రమాదకరమైన పరికరము పిల్లల చేతికేల? ఇంటర్నెట్టులో చిత్రమును ఎక్కించిన చాలును, వారే మార్చి యిత్తురు గదా" యని సెలవిచ్చిరి. మే మంగీకరింపము. అట్లు ఎక్కించిన చిత్రము ముందుగా పరుల యంత్రమునకు పోవును. అక్కడ ఎంత విడిచివేసి ఎంత మిగిల్చిరో మనకు తెలియదు. ఆజ్ఞ యన్ననో వ్రాతపూర్వకమైనది. నోటుపుస్తకమున వ్రాసికొనవచ్చును, మరుసటి యేడు మరియొక విద్యార్థి దానిని చదివి తప్పు పట్టవచ్చును. మా తప్పు మాకు తెలిసినదియు, మేమిచ్చిన ఆజ్ఞ యంత్రమున అక్షరము పొల్లుపోక నిలిచియుండుటవలననే.

దీనిని నిర్మించినవాడు జాన్ క్రిస్టీ. అమెరికాలోని డుపాంట్ సంస్థయందు పనిచేయుచు, లక్షల రంగులు గల చిత్రమును 256 రంగులు మాత్రమే చూపగల తెరపై చూపవలసిన యవసరము గలిగి, 1987లో పని మొదలిడెను. 1990లో దానిని లోకమునకు ఉచితముగా నిచ్చిరి. నేడది రెండు వందలకు పైగా చిత్రరూపముల నెరుగును. మేము వాడదగిన ఆజ్ఞ ఇంతకన్న కష్టమైనదియు కాదు: మ్యాజిక్ అను మాట, దాని పిమ్మట మూలచిత్రము పేరు, తరువాత కావలసిన వెడల్పు, చివర క్రొత్త చిత్రమునకు పెట్టదలచిన పేరు. ఆ క్రొత్త పేరున చుక్క తరువాత ఏ రూపమును వ్రాసిన ఆ రూపమునకే మారును. మూలము చెక్కుచెదరదు. పాతపుస్తకములలో దీనికి కన్వర్ట్ అను పేరుండును. విండోసు యంత్రములలో ఆ పేరుతో డిస్కు ఏర్పాటును మార్చు వేరొక ఆజ్ఞ యుండుటచేత అక్కడ దానిని వాడకుండుట మేలు.

ఇక రూపముల సంగతి. జేపెగ్ 1992లో ప్రమాణముగా స్థిరపడినది. అది చిత్రమును ఎనిమిదెనిమిది చుక్కల గళ్ళుగా విభజించి, కన్ను అంతగా పట్టుకొనని భేదములను విడిచివేయును. ముఖములకు, చెట్లకు, భద్రకాళి చెరువుపై మబ్బులకు ఇది యుత్తమమైన యుపాయమే. అక్షరములకు మాత్రము కాదు. నలుపు తెలుపులు కలియు అంచున మరకలు లేచును. మన లిపిలో 'ద'కును 'ధ'కును గల భేదమొక చిన్న గీత. 'ప'కును 'ష'కును నట్లే. గీత పోయిన మనిషి పేరే మారును. కావున పేళ్ళు, వ్రాతలు గల పటములకు 1996లో వెలువడిన పి.ఎన్.జి. రూపమో, టిఫ్ రూపమో తగును. సాధారణముగా వానియందు చుక్కయైనను పోదు. ఒకసారి జేపెగ్ చేసినదానిని మరల టిఫ్ చేసిన బాగుపడునని కొందరి భ్రమ. నీళ్ళు కలిపిన పాలను పెద్ద బిందెలో పోసిన చిక్కబడునా?

ఈ జాగ్రత్త మన యూరివారికి క్రొత్త కాదు. హనుమకొండ వేయిస్తంభముల గుడిలో 1163 నాటి రుద్రదేవుని శాసనము కలదు. శాసన పరిశోధకులు ఱాతిపై తడికాగితము పరచి, కుంచెతో మెల్లగా కొట్టి, సిరా అద్ది అచ్చు తీయుదురు. అచ్చు చినిగిన మరియొకటి తీయవచ్చును. ఱాతిని గొరిగి చిన్నది చేసి యింటికి కొనిపోవుదమని యెవరును తలపలేదు. మేము చేసినది సరిగా నదియే!

మూలమునే తక్కువగా గ్రహించుట మరియొక నష్టము. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు పాత తెలుగు పుస్తకములను వేలకొలది స్కాన్ చేసి మహోపకారము చేసిరి. కాని అనేక పుటలను నలుపు తెలుపులుగా మాత్రమే గ్రహించుటచే, అక్షరములు చక్కగానున్నను, నడుమ నున్న ఛాయాచిత్రములు సిరా ఒలికినట్లున్నవి. వానిని ఏ ఆజ్ఞయు తిరిగి తేజాలదు.

కావున ఈ యేటినుండి మా చిత్రముల పెట్టెకొక నియమ మేర్పరచవలెనని మా యభిప్రాయము. మూలచిత్రములు రెండు వేర్వేరు డిస్కులలో నుండవలెను. ఒకటి పాఠశాలయందు, ఒకటి వెలుపల. మార్పులన్నియు నకళ్ళపైననే, వేరు సంచియందే జరుగవలెను. ఆజ్ఞలను తొమ్మిదవ తరగతి విద్యార్థులే వ్రాయవలెను. వ్రాసినదానిని మరియొకరు చదివి, మొదట ఒక్క చిత్రముపై పరీక్షించిన పిమ్మటనే తక్కిన వానిపై నడపవలెను. డిస్కుల ఖర్చు కొంతయగును. పోయిన పేళ్ళ విలువతో పోల్చి నిర్వాహకులు ఆలోచింతురు గాక.

తలిదండ్రులకొక మనవి. వేసవి సెలవులకు ముందు, ఇండ్లలో నున్న పాఠశాల చిత్రములను మరల ఒకసారి తీసికొనిరండు. ఫోనుతో తీసి పంపినవి చాలవు. కొన్ని ఐఫోనులు పంపు హెచ్.ఇ.ఐ.సి. రూపమును మేము మార్చుకొనగలము గాని, అద్దముపై మెరసిన వెలుగును తుడువలేము. పటమును మీ యెదుటనే స్కాన్ చేసి ఆ దినమే యిచ్చివేయుదుము. వెనుక నంటించిన కాగితమును మాత్రము చింపకుడు. అందలి పేళ్ళనుకూడ గ్రహింపవలసి యున్నది.