కిరాయిదారుల్లారా! 3,500 గీత చెరిపించుకుందాం, రండి

హైదరాబాద్‌లోని బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ బస్తీల్లో కిరాయికి ఉంటున్న అక్కలారా, అన్నలారా!

ఈ కాగితం పడేయకండి. చదవండి. చదువు రాని పక్క పోర్షన్ పెద్దమ్మకు చదివి వినిపించండి.

పోయిన నెల ఓనరు కిరాయి వెయ్యి పెంచానంటే మీరేమన్నారు? ఏమీ అని ఉండరు. మేమూ అనలేదు. అంటే ఏ జవాబు వస్తుందో అందరికీ తెలుసు: "ఇష్టముంటే ఉండుండ్రి, లేకుంటే ఖాళీ చెయ్యుండ్రి." పిల్లల బడి సగంలో ఉంటుంది. సామాను మోయడానికి ట్రాలీ ఆటో మాట్లాడాలి. కొత్త ఇంటికి మళ్లీ అడ్వాన్సు కట్టాలి. అందుకే ఎవరి గదిలో వాళ్లం గుడ్లు అప్పగించి చూస్తూ ఊరుకుంటాం.

మనకు చట్టం లేదని అనుకుంటాం. ఉంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మన రాష్ట్రంలో ఇంకా అమల్లోనే ఉంది. అందులో ఏముందో వినండి. కిరాయి కట్టినప్పుడు సంతకం పెట్టిన రసీదు తీసుకునే హక్కు మనది. ఒక నెల కిరాయికి మించి అడ్వాన్సు తీసుకోవడానికి ఓనరుకు వీల్లేదు. సరైన కారణం లేకుండా నీళ్లు, కరెంటు ఆపకూడదు. కిరాయి తీసుకోనని ఓనరు మొండికేస్తే మనియార్డరు చేయవచ్చు, అదీ వద్దంటే అద్దె నియంత్రణ అధికారి దగ్గర జమ చేయవచ్చు. చట్టంలో రాసిన కారణాన్ని రుజువు చేసి, ఆ అధికారి నుంచి ఉత్తర్వు తెచ్చుకుంటే తప్ప ఖాళీ చేయించడం కుదరదు. నెల్లూరు దగ్గరి గూడూరులో ఒక హోటల్ నడిపేవారి కేసు ఇదే చట్టం కింద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఓనరు చేతిలో నెల కిరాయికి మించిన అడ్వాన్సు ఉన్నప్పుడు కిరాయి బాకీ పడ్డారని వెళ్లగొట్టడం చెల్లదని 1989లో ఆ కోర్టు తీర్పు ఇచ్చింది.

మరి ఈ రక్షణ మన గుమ్మం దాకా ఎందుకు రాలేదు? 2005లో చట్టాన్ని సవరించారు. మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 దాటిన కిరాయి ఇళ్లకు ఈ చట్టం వర్తించదన్నారు. అప్పటి నుంచి బియ్యం ధర పెరిగింది, బస్సు టికెట్టు పెరిగింది, మన కిరాయి ఎన్నిసార్లు పెరిగిందో లెక్క లేదు. ఆ 3,500 మాత్రం అక్కడే ఉంది. ఈ రోజు మన బస్తీలో 3,500కు ఏ ఇల్లు దొరుకుతుందో మీరే చెప్పండి. కూలి చేసుకుని కిరాయి కట్టేవాళ్లను ఆ ఒక్క అంకె చట్టం బయట నిలబెట్టింది. మా మొదటి డిమాండు ఇదే: ఆ గీత చెరిపేయాలి.

గీత దాటినవాళ్లకు మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెలనెలా కిరాయి మీద ఉండేవాళ్లకు 15 రోజుల నోటీసు చాలంటుంది అది. అయితే నోటీసు ఇచ్చినంత మాత్రాన మీ సామాను రోడ్డు మీద వేసే హక్కు, మీ గదికి తాళం వేసే హక్కు ఓనరుకు రాదు. కోర్టుకు వెళ్లాల్సిందే. బలవంతంగా వెళ్లగొడితే ఆరు నెలల లోపు సివిల్ కోర్టులో దావా వేసి ఇంటిని తిరిగి అడగవచ్చు. వకీలుకు పైసలు లేవా? 15100కు ఫోన్ చేయండి. అది న్యాయసేవల సంస్థ నంబరు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఈ నంబరు గోడ మీద రాసుకోండి.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఒక నమూనా కిరాయి చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. అందులో అంతా మంచే ఉందని మేం అనం. కిరాయికి పైహద్దు లేదు, గడువు దాటి ఉంటే రెట్టింపు కట్టాలంటుంది. కానీ రాతపూర్వక ఒప్పందం, పెంపుకు మూడు నెలల ముందు నోటీసు, ఇంట్లోకి రావాలంటే ఒక రోజు ముందు చెప్పడం లాంటి మంచి మాటలు కూడా ఉన్నాయి. వాటిని తీసుకోవాలి. చెడ్డవి వదిలేయాలి.

ఇక కరెంటు. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా ఉచితం, కిరాయిదారులకు కూడా. కానీ నాలుగు పోర్షన్లకు ఓనరు పేరున ఒకే మీటరు ఉంటే 200 ఎన్ని రోజులకు దాటుతుంది? పైగా సబ్‌మీటరు చూసి యూనిట్‌కు ఇంత అని మన దగ్గరే వసూలు. ప్రతి పోర్షన్‌కు వేరే మీటరు కావాలి.

అన్నిటికన్నా బరువైన మాట ఇప్పుడు చెబుతున్నాం. ఈ కరపత్రం రాసిన మాలో ఒకామె తల్లి ఆస్పత్రిలో పోయింది. శవాన్ని ఇంటికి తేవద్దని, దినాలు అయ్యేదాకా మీరూ రావద్దని ఓనరు ఫోన్‌లోనే చెప్పాడు. ముప్పై ఏళ్లు ఇళ్లల్లో అంట్లు తోమి బతికిన మనిషి. ఆమెకు ఆఖరి స్నానం రోడ్డు పక్కన, నాలుగు చీరలు అడ్డం పట్టుకుని చేయించారు. కూతురు పదకొండు రోజులు చుట్టాల వరండాలో పడుకుంది. మీ ఇంట్లో ముసలివాళ్లు మంచం పట్టారా? అయితే ఈ భయం మీకు మేం చెప్పాల్సిన పని లేదు. ప్రాణం ఉండగానే మనిషిని ఎక్కడికి మార్చాలా అని వెతుక్కునే గతి ఎవరికీ పట్టకూడదు. ప్రతి వార్డులో కిరాయిదారుల కోసం నగర పాలక సంస్థ ఒక ఇల్లు కట్టాలి. నీళ్లు, ఫ్రీజర్, వంటకు చోటు, దినాలు గడిచేదాకా కుటుంబం తల దాచుకునే రెండు గదులు అందులో ఉండాలి. మనం ఈ ఊరి మురుగు తీస్తున్నాం, ఇళ్లు కడుతున్నాం, ఓట్లు వేస్తున్నాం. ఈ ఊళ్లో చచ్చిపోవడానికి చోటు అడుగుతున్నాం.

మా గొడవ ఓనర్లందరితో కాదు. అప్పు చేసి పైన ఒక అంతస్తు వేసుకుని, ఆ కిరాయితోనే మందులు కొనుక్కునే ముసలివాళ్లు మన వీధిలోనే ఉన్నారు. కష్టమొస్తే నెల ఆగినవాళ్లూ ఉన్నారు. ఓనరు మంచివాడైతే బతకడం, కాకపోతే రోడ్డున పడడం అనే పద్ధతి మారాలనే మా పోరాటం. కులం అడిగి, మతం అడిగి టులెట్ బోర్డు వెనక్కి తిప్పేవాళ్లను నిలదీసే చోటు కూడా కావాలి. అందుకే వార్డు ఆఫీసులో కిరాయిదారుల కోసం ఒక సహాయ కేంద్రం పెట్టమంటున్నాం.

వచ్చే ఆదివారం సాయంత్రం 5 గంటలకు బస్తీ కమ్యూనిటీ హాలుకు రండి. పిల్లలను తీసుకునే రండి. అగ్రిమెంటు ఉంటే జిరాక్సు, లేకపోతే ఫోన్‌లో కిరాయి పంపిన లెక్క, మీటరు ఫొటో తెచ్చుకోండి. ముఖ్యమంత్రికి, ఎమ్మెల్యేకు, కమిషనర్‌కు ఇచ్చే అర్జీ మీద సంతకాలు అక్కడే చేద్దాం. వేలిముద్రా చెల్లుతుంది. ఓనరు చూస్తాడని భయమున్నవాళ్లు పేరు రాయకండి. ఈ కాగితం వెనుక మీ కిరాయి ఎంతో, ఎంత అడ్వాన్సు ఇచ్చారో మాత్రం రాసి హాలు దగ్గరి డబ్బాలో వేసి వెళ్లండి.

మీ బస్తీ కిరాయిదారులం