పైకప్పు మూసేయమన్నారు

ఈ వారం కారు సన్‌రూఫ్ గురించి రాస్తున్నామంటే నవ్వుకుంటారేమో. నవ్వుకోండి గాని చివరిదాకా చదవండి.

మా సంఘానికున్న కారు పాతది. పట్నంలో ఉంటున్న ఒక విశ్వాస కుటుంబం వారు కొన్నేళ్లు వాడి పరిచర్యకు ఇచ్చారు. నక్కపల్లి నుండి విశాఖకు హైవే మీద సుమారు 70 కిలోమీటర్లు. డయాలసిస్ చేయించుకునే ఒక మామ్మను వారానికి రెండుసార్లు అందులోనే తీసుకెళ్తున్నాము. కారు పైకప్పుకి తెరుచుకునే అద్దం ఉంది. పిల్లలకు అదే ముచ్చట, మాకు అదే తలనొప్పి. కిందటి వానల్లో ఎలమంచిలి దాటాక మామ్మ నెత్తి మీద నీళ్లు కారాయి. ఆమె కొంగు కప్పుకొని ఊరుకుంది. మాకు సిగ్గేసింది.

ఇక సలహాలు మొదలయ్యాయి. "సిలికాన్ పట్టించి మూసేయండి అయ్యగారూ, పీడ వదులుతుంది" అని దాదాపు అందరూ అన్నారు. ఒక వర్క్‌షాపులో ఫ్రేము మొత్తం మార్చాలన్నారు. ఆ ఖర్చు మా కానుకల పెట్టె మోయలేదు. అయినా మూసేయడం తప్పని మా అభిప్రాయం.

ఎందుకంటే సన్‌రూఫ్ చుట్టూ ఉండే రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు. కొంత నీరు లోపలికి దిగుతుందని తెలిసే ఫ్రేము చుట్టూ సన్నని కాలువ, మూలల్లో గొట్టాలు పెడతారు. ఆ గొట్టాలు తలుపుల పక్క స్తంభాల లోపలినుండి దిగి నీటిని బయటికి వదులుతాయి. గొట్టం పూడితే కాలువ నిండి నీరు సీలింగు గుడ్డలోకి పొంగుతుంది. పైన రాసిన సిలికాన్ ఎండకు విడిపోయిన రోజున దిగే నీటికి అప్పటికీ దారి ఉండదు. అది కార్పెట్ కింద చేరి వైర్లను పాడుచేస్తుంది.

పూడ్చింది ఎవరు? మేమే. మందిరం ఆవరణలో చింతచెట్టు కింద ఏళ్ల తరబడి కారు నిలిపాము. చింతాకు ఎంత సన్నగా ఉంటుందో మీకు తెలుసు. పైగా అద్దం కదలడం లేదని పట్టాల్లో ఇంజన్ ఆయిల్ పోసిందీ మేమే. దానికి హైవే దుమ్ము అంటి బంకలా తయారైంది. బలవంతంగా లాగేసరికి ప్లాస్టిక్ గైడు విరిగింది.

రాజయ్యపేట నుండి ఆరాధనకు వచ్చే ఒక సహోదరుడు చేపల గాలానికి వాడే లావుపాటి నైలాన్ దారం తెచ్చాడు. కొసను కాల్చి గుండ్రం చేసి మెల్లగా గొట్టంలోకి పంపాడు. పంక్చర్ షాపుకి తీసుకెళ్లి గాలి కొట్టిద్దామని మేము తొందరపడితే వద్దన్నాడు. గట్టి గాలికి గొట్టం లోపల ఊడిపోతే మళ్లీ తగిలించడం చాలా కష్టమట. గ్లాసుడు నీళ్లు కాలువలో పోశాము. తలుపు కీలు దగ్గర ముందు నల్లటి నీరు, తర్వాత ఆకుల ముద్ద, ఆ తర్వాత తేట నీరు వచ్చింది. మా ఇంట్లో అమ్మగారు చప్పట్లు కొట్టారు. పట్టాలు తుడిచి సిలికాన్ గ్రీజు పలుచగా రాశాము. గైడు పాత సామాన్ల కొట్టులో దొరికింది. మోటారును అలెన్ కీతో చేత్తో తిప్పి అద్దాన్ని సమంగా కూర్చోబెట్టాము.

అన్నీ ఇంట్లో చేయమని మేము చెప్పడం లేదు. అద్దం పగిలినా, సీలింగు ఊడదీయాల్సి వచ్చినా మెకానిక్ దగ్గరకే వెళ్లండి. కొన్ని కార్లలో ఆ అంచుల వెంబడే ఎయిర్‌బ్యాగులు ఉంటాయి.

మార్కు సువార్త 2వ అధ్యాయములో కపెర్నహూములో నలుగురు ఇంటి కప్పు విప్పి పక్షవాయువు గలవానిని దించిన సంగతి మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. ఆ కప్పును తర్వాత ఎవరు బాగుచేశారో ఒక్కసారీ అడగలేదు. దూలాలు, రెల్లు, మట్టితో వేసిన కప్పులవి. ఎవరో ఒకరు మట్టి తొక్కి మెత్తే ఉంటారు. వాక్యంలో వారి పేరు లేదు. మన సంఘాల్లోనూ అంతే. మైకు సెట్టు, జనరేటరు, కీబోర్డు ఇచ్చినవారికి దండ వేస్తాము, సాక్ష్యం చెప్పిస్తాము. వాటి దుమ్ము తుడిచే మనిషిని మాత్రం పెట్టము. చెడిపోయాక కొత్తదాని కోసం ప్రార్థన అంశం ఇస్తాము. ఇది విశ్వాసమని మాకిప్పుడు అనిపించడం లేదు.

నెలకోసారి నీళ్లు పోసి చూసే పని యవనస్థులకు అప్పగించాము. కారును చింతచెట్టు కింద నుండి తీశాము. నీడ పోయింది, అదొక బాధ. మొన్న అనకాపల్లి దగ్గర గట్టి వాన పట్టుకుంది. అద్దంలో వెనక్కి చూస్తే మామ్మ పైకి చూస్తూ కూర్చుంది. ఒళ్లో గొడుగుంది, విప్పలేదు.

"గొడుగెందుకు మామ్మా?" అని అడిగాము.

"మీ కారు సంగతి నాకు తెల్దేటి బాబూ" అంది.