రిపోర్టులో కనిపించని తలనొప్పి



మన ఇళ్లలో దాన్ని పార్శ్వపు నొప్పి అంటాం. తమిళ బడిలో చదివిన మాకు ఒట్రై తలైవలి అన్నా తెలుసు. డాక్టరు మైగ్రేన్ అంటారు. పేర్లు మూడున్నా, దాన్ని తేల్చిచెప్పే రక్తపరీక్ష ఒక్కటీ లేదు. తలకు స్కాన్ తీసినా చాలామందికి అంతా బాగుందనే వస్తుంది. అది చూసి ఇంట్లోవాళ్లు "ఏమీ లేదంట, అంతా పని తప్పించుకోడానికే" అంటారు. ఈ జబ్బు మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆ నింద ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా?

అలాగని రక్తంలో ఆనవాలే లేదనుకోవద్దు. 1990లో ఎడ్విన్సన్, గోడ్స్‌బీ అనే శాస్త్రవేత్తలు నొప్పి ఉన్న సమయంలో మెడ సిర నుంచి రక్తం తీసి చూస్తే, సీజీఆర్‌పీ అనే పదార్థం పెరిగి కనిపించింది. దాని పనిని అడ్డుకునే మొదటి ఇంజక్షన్‌కు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంటే ఈ నొప్పి కల్పన కాదు, ఒంట్లో నిజంగా జరిగే సంగతి. కానీ ఆ పదార్థం రక్తంలో నిమిషాల్లో తగ్గిపోతుంది. అందుకే ఇంకా నమ్మదగిన పరీక్షగా మారలేదు.

కాబట్టి నేటికీ పరీక్ష అంటే రోగి చెప్పే మాటే. నొప్పి 4 నుంచి 72 గంటలు ఉంటోందా, ఒక పక్కే దడదడ కొట్టుకుంటోందా, మెట్లెక్కితే పెరుగుతోందా, వాంతి వచ్చేలా ఉందా, వెలుతురూ చప్పుడూ గిట్టడం లేదా? ఇవన్నీ అడిగే డాక్టరు తేలుస్తారు. మనకు చిక్కు ఇక్కడే. ఇంట్లో తెలుగులో బాధపడి, ఆస్పత్రిలో తమిళంలో చెప్పుకోవాలి. "తలనొప్పి" అని ఒక్క మాటతో ముగిస్తే సగం సంగతి అక్కడే పోతుంది.

రైల్వేలో రిజిస్టరుకెక్కనిది జరగనట్టే లెక్క. ఇక్కడా అంతే. తేదీ, ఎన్ని గంటలు, ఏ మాత్ర వేసుకున్నారు, క్యాలెండరులో రాసిపెట్టండి. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, అంతకు పైన వాడుతూ పోతే వాటివల్లే తలనొప్పి ముదరవచ్చు.

ఉన్నట్టుండి ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, 50 దాటాక కొత్తగా మొదలైనా, చెయ్యి కాలు పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మన సంఘం ఈ ప్రశ్నలను ఒక కాగితం మీద తెలుగు, తమిళం పక్కపక్కనే వేయించి ఇంటింటికీ ఇవ్వాలని మా కోరిక. అచ్చు ఖర్చు పెద్దదేమీ కాదు. పరీక్ష వచ్చేదాకా మన ఆడవాళ్ల మాటను నమ్మడానికి ఖర్చే లేదు.