ఓడిన్ గారి వంశవృక్షం

థోర్ సినిమాలు చూసినవాళ్లందరికీ ఓడిన్ తెలుసు. ఒంటికన్ను, తెల్లగడ్డం, సుత్తి పట్టుకుని తిరిగే కొడుకు. పాత ఇంగ్లండులో ఆయన్నే వోడెన్ అనేవాళ్లు. మనం వారానికోసారి పలికే 'వెన్స్‌డే' ఆయన పేరు మీద వచ్చిందే. సినిమాల్లో చెప్పని సంగతి ఒకటుంది. ఇంగ్లండు రాజులు క్రైస్తవంలోకి మారి, ఆయన్ని దేవుడిగా కొలవడం మానేశాక కూడా, తాతముత్తాతల జాబితాలో మాత్రం ఆయన్ని వదులుకోలేదు.

మన సూర్యవంశం, చంద్రవంశం లాంటిదే కదా, రాజన్నాక ఇలాంటివి మామూలే అనుకోవచ్చు. కట్టుకథలని నవ్వి వదిలేయొచ్చు కూడా. రెండూ తొందరపాటే అంటాను నేను. ఈ జాబితాలు ఎలా పెరిగాయో చూస్తే, రాయించుకున్నవాళ్లకి ఎప్పుడు ఏం కావాల్సి వచ్చిందో తెలిసిపోతుంది.

తేదీల వారీగా చూద్దాం. బీడ్ అనే క్రైస్తవ సన్యాసి 731లో ఇంగ్లండు చర్చి చరిత్ర రాశాడు. బ్రిటన్‌కి వచ్చిన తొలి నాయకులుగా చెప్పుకునే హెంగిస్ట్, హోర్సా అన్నదమ్ముల వంశం చెబుతూ వోడెన్ దగ్గర ఆగిపోయాడు. చాలా రాజ్యాల రాజవంశాలు ఆయన సంతతే అన్నాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 829 ప్రాంతంలో, లాటిన్‌లో 'బ్రిటన్ల చరిత్ర' తయారైంది. అందులో అదే జాబితా వోడెన్‌ని దాటి ఇంకా పైకి పోయింది. ఆయనకి ఒక తండ్రి, ఒక తాత వచ్చారు. చివర్లో గెయాట్ అనే ఆయన తేలాడు.

9వ శతాబ్దం చివర్లో ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ వచ్చింది. ఆల్ఫ్రెడ్ రాజు తండ్రి ఏథెల్‌వుల్ఫ్ వంశాన్ని 855వ సంవత్సరం కింద రాస్తూ, ఈసారి గెయాట్‌ని కూడా దాటేశారు. నోవహు ఓడలో పుట్టాడంటూ ఒకణ్ణి పట్టుకొచ్చి, అతని మీదుగా ఆదాము దాకా వెళ్లిపోయారు. బైబిల్లో నోవహు కొడుకులు షేము, హాము, యాపెతు ముగ్గురే. ఓడలో పుట్టినవాడు వెసెక్స్ రాజుల అవసరం కొద్దీ పుట్టాడన్నమాట.

మన భాషలో చెప్పాలంటే వెర్షన్ 1లో వోడెన్, వెర్షన్ 2లో గెయాట్, వెర్షన్ 3లో ఆదాము. మామూలు వంశవృక్షం కొత్త పిల్లలతో కిందికి పెరుగుతుంది. ఇది కొత్త తాతలతో పైకి పెరిగింది. జాబితాలో ఎంత పైనున్న పేరైతే అంత ఆలస్యంగా చేరింది.

పైగా అందరూ మొదట్నుంచీ వోడెన్ పేరే చెప్పుకోలేదు. ఎసెక్స్ రాజుల జాబితా సాక్స్‌నేట్ అనే వేరే దేవుడి దగ్గర మొదలవుతుంది. తర్వాతి కాలంవాళ్లు ఆ సాక్స్‌నేట్‌ని వోడెన్‌కి కొడుకుని చేసేసి గొడవ తీర్చేశారు.

మరి క్రైస్తవ రాజులకి పాత దేవుడితో ఏం పని? పక్క రాజ్యాలన్నీ వోడెన్ పేరు చెప్పుకుంటుంటే, తీసేసిన రాజు చిన్నవాడైపోతాడు. దేవుడిగా ఉంచితే చర్చి ఒప్పుకోదు. అందుకని ఆయన్ని దేవుడి పదవి నుంచి దించి మామూలు మనిషిని చేశారు. మనిషైతే ఆదాముకి మనవడు కావడానికి అడ్డేముంది?

ఐస్లాండులో స్నోరి స్టర్లుసన్ 13వ శతాబ్దంలో ఇదే పని ఇంకా తీరుబడిగా చేశాడు. ఆయన రాసిన యింగ్లింగ సాగాలో ఓడిన్ ఆసియాలో, డాన్ నదికి తూర్పున ఉన్న ఒక నాయకుడు. జనాన్ని వెంటేసుకుని ఉత్తరానికి వలస వచ్చి, చివరికి స్వీడన్‌లో జబ్బు చేసి పోతాడు. అదే కథలో ఫ్రేయర్ దేవుడి నుంచి స్వీడన్ రాజులు, వాళ్ల నుంచి నార్వే రాజులు వస్తారు. వాళ్ల చావులు చదవాలి! ఫ్రేయర్ కొడుకు ఫ్యోల్నిర్ అర్ధరాత్రి మత్తులో తూలి, తేనెతో చేసిన మద్యం తొట్టిలో పడి మునిగిపోయాడు. దోమాల్దిని కరువు తీరడం కోసం సొంత జనమే బలిచ్చారు. దేవుడి రక్తమే అయినా పంట పండకపోతే అంతే సంగతులు.

స్నోరికి సుమారు వందేళ్ల ముందు ఆరి అనే ఐస్లాండు చరిత్రకారుడు తన పుస్తకం చివర సొంత వంశావళి ఇచ్చుకున్నాడు. అది యింగ్వి అనే 'తురుష్కుల రాజు'తో మొదలై, ఫ్రేయర్ మీదుగా దిగి, ఆరి దగ్గర ముగుస్తుంది.

ఇదంతా ఎప్పటి గొడవో అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. హిట్లర్ కాలంలో ఎస్.ఎస్. దళంలో ఆఫీసరు కావాలంటే 1750 దాకా 'శుద్ధమైన' పూర్వీకుల్ని కాగితం మీద చూపించాలి. ఎస్.ఎస్. గుర్తు కూడా పాత నార్డిక్ లిపి ఆధారంగా తయారుచేసిందే. ఇప్పటికీ యూరప్‌లో, అమెరికాలో తెల్లజాతే గొప్పదనే గుంపులు కొన్ని ఓడిన్ పేరు పెట్టుకుని తిరుగుతున్నాయి. వాళ్లు గొప్పగా చెప్పుకునే పాత పుస్తకాలు మాత్రం ఓడిన్ ఆసియా నుంచి వలస వచ్చాడంటాయి, ఫ్రేయర్ వంశం తురుష్కుల రాజుతో మొదలైందంటాయి. ఆ మాటలూ కల్పనే, కానీ ఆ రచయితలకి కావాల్సింది శుద్ధ రక్తం కాదు. ట్రాయ్, రోమ్, బైబిల్ ఉన్న పెద్ద ప్రపంచంలో తమకీ ఒక చోటు కావాలి. శుద్ధి గోల తర్వాతివాళ్లు తగిలించింది.

ఇక లెక్క. అమ్మానాన్న ఇద్దరు, తాతలు అమ్మమ్మలు నానమ్మలు కలిపి నలుగురు, ఆ పైన ఎనిమిది మంది. తరానికి రెట్టింపు చొప్పున 30 తరాలకి 2 టు ది పవర్ 30, అంటే 107 కోట్లకు పైనే. సుమారు 900 ఏళ్ల కిందట ప్రపంచ జనాభా అందులో సగం కూడా లేదు. అంటే ఒకే మనుషులు మన వృక్షంలో మళ్లీ మళ్లీ వస్తారు, అందరి వృక్షాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. బ్రిటన్ రాజు చార్లెస్ ఆల్ఫ్రెడ్ వంశంవాడే, కాబట్టి కాగితం మీద వోడెన్ వారసుడే. అదే లెక్కన లండన్‌లో బస్సు నడిపేవాళ్లలో ఎంతోమందికి ఆల్ఫ్రెడ్ తాతే అయ్యుంటాడు. రాజు దగ్గర కాగితం ఉంది, వాళ్ల దగ్గర లేదు.

అందుకే ఎవరైనా "మా వంశం ఫలానా దేవుడి నుంచి, ఫలానా వీరుడి నుంచి వచ్చింది" అంటే నిజమా అబద్ధమా అని వాదన పెట్టుకోవడం దండగ. ఆ జాబితా మొదటిసారి ఎప్పుడు రాశారు, ఎవరు రాయించారు, అప్పుడు వాళ్లకి ఏం కావాల్సి వచ్చింది? ఈ మూడూ అడిగితే చాలు. కోట్ల మంది పూర్వీకుల్లోంచి ఒక్క గీత ఎంచుకుని దాన్నే వంశం అంటున్నామంటే, ఆ గీత తాతల గురించి కన్నా గీసినవాళ్ల గురించే ఎక్కువ చెబుతుంది.