వర్షాకాలమున సముద్రదర్శనము

రాజాము పట్టణమునుండి సముద్రము కానరాదు. చిలకపాలెము మీదుగా శ్రీకాకుళము చేరి, అచటినుండి కళింగపట్నము పోవలయును. లేదా విజయనగరము మీదుగా భీమునిపట్నము చేరవలయును. అందుచే ఇచటి కుటుంబములకు సముద్రతీరమునకు బోవుట ఒక పండుగ. పిల్లలు ముందునుండియే దినములు లెక్కించుచుందురు. తల్లులు పులిహోర మూటగట్టుదురు.

ఈ పండుగను వర్షాకాలమున జరుపుకొనవచ్చునా? ఈ విషయమున పెద్దలలో రెండభిప్రాయములు గలవు. వానలలో సముద్రము వంకకైనను పోరాదని కొందరందురు. సెలవులు దొరకినపుడే పోవలయునుగాని, కాలము చూచుచు గూర్చున్నచో ఎన్నటికిని పోజాలమని మరికొందరందురు. రెండు మాటలయందును కొంత సత్యము గలదు. ఏ ఒక్కటియు పూర్ణసత్యము కాదు. వర్షాకాలమున సముద్రమును చూడబోవుట తప్పు కాదు. అందు దిగుట తప్పు. ప్రమాదసూచన వినియు వెనుకకు మరలకుండుట అంతకంటె పెద్ద తప్పు.

వానకాలపు సముద్రము నిజముగా చూడదగినదే. వేసవిలో నీలముగా నుండు నీరు శ్రావణ భాద్రపదములలో మబ్బుల రంగు దాల్చును. కళింగపట్నమువద్ద వంశధార సముద్రమున గలియును. నది నిండుగా పారునపుడు దాని మట్టినీరు కడలినీటిలో గలియుచు, రెండు రంగులు ప్రక్కప్రక్కన గనుపించును. కొండలపై కురిసిన వాన తుదకు ఏమగునో పాఠమున చదివిన బాలుడు అచట దానిని కన్నులార చూచును.

ఆ దృశ్యమే ఒక హెచ్చరిక గూడ. వంశధార ఒడిశా రాష్ట్రమున కలహండి కొండలలో పుట్టినది. ఇచట చినుకైనను రాలకున్నను, అచట కుండపోతగా కురిసినచో ఇచట నది పొంగును. ఆకాశము తేటగా నున్నదని నదీముఖమున దిగినవాడు మోసపోవును.

సముద్రమున మరియొక మోసము గలదు. అలలు ఒడ్డునకు దెచ్చిన నీరు మరల లోనికి బోవలయును గదా! అది ఇసుకమెట్టల నడుమ సన్నని పాయగా గూడి, మనుష్యులను లోనికి లాగుకొనిపోవును. ఆ చోట అలలు అంతగా విరుగవు. చూచువారికి అదియే ప్రశాంతమైన తావని తోచును. అందు చిక్కినవాడు ప్రవాహమున కెదురీదినచో అలసి మునిగిపోవును. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది, ప్రవాహము వీడిన పిమ్మట గట్టు చేరవలయునని నిపుణులు చెప్పుదురు. చెఱువులో నేర్చిన ఈత సముద్రమున చాలదు.

ఇక తుపానుల మాట. దసరా సెలవులు వచ్చు కాలమే ఈ తీరమునకు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నమువద్దను, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపమునను, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నము సమీపమునను తీరము దాటినవి. తిత్లీవలన ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలగూలినవి. కాని ఇట్టివి చెప్పక వచ్చునవి కావు. వాతావరణశాఖవారు ముందుగనే తెలుపుదురు. ఓడరేవులలో 1 మొదలు 11 వరకు సంఖ్యలుగల ప్రమాదసూచికల నెగురవేయుదురు.

ఈ సూచికలకు మత్స్యకారు లిచ్చు మర్యాద గమనింపదగినది. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేటను ప్రభుత్వము నిషేధించును. ఆ దినములు కష్టముగా గడపి, వానలతోబాటు వారు కడలిపైకి బోవుదురు. అట్టివారును సూచిక ఎగురగనే పడవలను ఇసుకపైకి లాగి, వలలు బాగుచేసికొనుచు ఒడ్డుననే గూర్చుందురు. ఆనాటి సంపాదన పోవునని వారెఱుగుదురు. జీవనమునకై పోవువాడే ఆగగా, వినోదమునకై వచ్చినవాడు ఆగలేకపోవుట వివేకమా?

"బండి అద్దె ఇచ్చితిమి; సెలవు పెట్టితిమి; పిల్లలు ఏడ్తురు" అని పెద్దలనవచ్చును. ఏడాదికొక్క మారు బయలుదేరు కుటుంబమునకు ఆ నష్టము చిన్నది కాదు. కాని పోయిన అద్దె మరల సంపాదించుకొనవచ్చును. తుపాను హెచ్చరిక యున్ననాడు ఇల్లు కదలరాదు. కెరటములు మాత్రమే ఉద్ధృతముగా నున్ననాడు తీరమున దూరముగా నిలిచి చూచి, సమీపమున శాలిహుండము కొండపైనున్న బౌద్ధస్తూప శిథిలములను పిల్లలకు చూపవచ్చును. ప్రయాణము వ్యర్థము కాదు.

పిల్లలు ఆనాడు అలుగుదురు, మఱునాడు మఱతురు. అపాయ మెఱిగి వెనుకకు మరలిన తండ్రిని చూచిన బిడ్డ, పెద్దవాడై తన బిడ్డలతో సముద్రమునకు బోయిననాడు, ముందుగా గట్టుమీది మత్స్యకారుని అడిగి, పిమ్మటనే అడుగు ముందునకు వేయును. సముద్రము ఎచటికిని పోదు. ఈ ఏడు కాకున్న వచ్చు ఏడు చూడవచ్చును.